మొక్కిన డచ్చి సిపాయి

మలేసియాలోని మలక్కాలో, పోర్చుగీసు కోటని డచ్చివాళ్లు గెలుచుకున్న కథని షోగా ఆడే చోట, వేషాలు వేసుకునే గది. పొద్దున్న పది కావొస్తోంది, మొదటి ఆట పదకొండుకి. ఇక్కడి తెలుగువాళ్ల మాటల్లో ‘లా’, ‘సుదా’ (చాలు) లాంటి మలాయి ముక్కలు దొర్లుతుంటాయి. గదిలో ఉన్నది ఇద్దరే: అప్పలసామి, అతని పెళ్లాం తమ్ముడు మోహన్‌రాజ్.

"ఇంకోపాలి పెట్టరా మోహనా."

"ఎన్నిపాలీలు సూస్తావు బావా? ఆ ఫోనుకే ఇసుగొచ్చీస్తాది."

"ఆ సివరాకరి ముక్కొక్కటీ పెట్టు. నా కళ్లజోడు ఇంటికాడ మర్చిపోనాను. నువ్వు సూసి సెప్పు."

"ఏటి సెప్పమంటావు? డచ్చి సిపాయిలు తొమ్మిది మంది పోర్చుగీసోళ్ల గుడిలోకి తోసుకొచ్చినారు. మూడోవోడు మేరీతల్లి బొమ్మని కాలితో తన్నినాడు. బొమ్మ కిందపడింది. ఎనమండుగురూ ముందుకెల్లిపోనారు. ఈ మూడోవోడు మట్టుకు వొంగి, బొమ్మని ముట్టుకుని, రెండు కళ్లకీ అద్దుకున్నాడు. ఒకపాలి కాదు, రెండుపాలీలు. అప్పుడు తుపాకీ ఎత్తుకుని పరుగు. సాలా?"

"జనం నవ్వుతున్నారా?"

"నవ్వకేటి సేస్తారు? బొమ్మ కనపడితే పగలగొట్టాలని ఓడలెక్కి వొచ్చినోళ్లు ఆ డచ్చోళ్లు. ఆళ్లలో ఒకడు తన్నీసి, తప్పయిపోయింది తల్లీ అని దండమెట్టుకున్నాడు. నాలుగు లచ్చల మంది సూసినారు ఈ వీడియో. నాను పోర్చుగీసు వేషమేసి మూడేళ్లు రోజుకి రెండుసార్లు సచ్చిపోతున్నాను, నన్నొక్కడూ సూడలేదు లా."

"నాను కావాలని సేసినానేటి? కాలు తగిలింది, సెయ్యి ఎల్లిపోయింది. దాన్ని ఆపడం నా సేతిలో ఉందా?"

"నెమ్మది బావా, నెమ్మది! తలుపు తీసుంది. ఆ మూడోవోడు నువ్వని నీకూ నాకూ తప్ప పురుగుకి కూడా తెలీదు."

"తెలీదా?"

"ఎలాగ తెలుస్తాది? ముక్కు దాకా ఇనప టోపీ. కింద అంటించిన గెడ్డం. తొమ్మిది మందీ ఒక అచ్చులో పోసినట్టుంటారు. వరసలో ఎవడెక్కడ నిలబడతాడో రోజుకో రకం. అందుకే కదా మేనేజరు కూడా ఎవడో తేల్చలేక, బొత్తాం ఊడిపడితే ఏరుకున్నాడని ఫేస్‌బుక్కులో రాసేసి ఊరుకున్నాడు."

"ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు. సుదా, అయిపోయింది. దాన్ని తవ్వకు."

"అయితే ఈ కాయితమేటి?"

"ఏ కాయితం?"

"ఇదిగో. పొద్దున్న రాగానే తినగరన్ మేనేజరు పిలిసి నా సేతిలో ఎట్టినాడు. అంతా ఇంగిలీసు. ఆయన అరవంలో సెప్పినాడు. సగం అర్థమయ్యింది, సగం అర్థం కాకపోతే బాగుణ్ణనిపించింది. నువ్వు సదువు. మన మాటలో సదువు."

"తరవాత సదూతాన్లే. ముందు గెడ్డం అంటించుకో, టైమవుతాంది."

"సదవరా."

"...ఇది ఆ చర్చివోళ్ల ఉత్తరం."

"మొన్నొకటి వొచ్చింది కదా?"

"అది మొదటిది. డచ్చోళ్లు ప్రొటెస్టెంట్లు, బొమ్మలకి మొక్కకూడదన్న నమ్మకం కోసం ప్రాణాలిచ్చినారు, ఆళ్ల సిపాయి సేత బొమ్మకి మొక్కించి మా విశ్వాసాన్ని నవ్వులపాలు సేసినారని రాసినారు. అదే రోజు ఇంకోళ్లు, కేథలిక్కులు, మా తల్లిని రోజుకి రెండుసార్లు తన్నించడమేటని రాసినారు. రెండు పక్కలా తిట్లు తిన్నాడు మన తినగరన్."

"నాలుగు వందలేళ్ల కిందటి యుద్ధం కదరా అది?"

"ఈ వారం మళ్లీ మొదలయ్యింది బావా, నీ సేతి మీదుగా."

"నవ్వించకు. సదువు."

"‘మేనేజర్ గారికి. మీ ప్రకటనలో చెప్పినట్టు ఆ సైనికుడు బొత్తాం ఏరుకోలేదు. అతను... అతను ఆ విగ్రహానికి మొక్కాడు.’ వొద్దు బావా."

"సదువు."

"‘అతని పేరు అప్పలసామి. ఊరు హుటాన్ మెలింటాంగ్. కాలికి ఏది తగిలినా ముట్టుకుని కళ్లకద్దుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. పడవకి మొక్కుతాడు. పుస్తకానికి మొక్కుతాడు. వంటింట్లో బియ్యం బస్తాకి కూడా మొక్కుతాడు.’"

"ఆగు. అక్కడాగు. బియ్యం బస్తా అని రాసుందా?"

"రాసుంది."

"వంటింట్లో అని?"

"వంటింట్లో అని."

"నా వంటింట్లో బియ్యం బస్తా తలుపెనకాల ఉంటాది మోహనా. సీకట్లో మంచినీళ్లకెల్తే దానికే తగులుతాది కాలు. నాను దానికి మొక్కడం ఏ చర్చివోడు వొచ్చి సూసినాడు?"

"ఎవడో ఊహించి రాసుంటాడు లా. తెలుగోళ్లందరూ అదే కదా సేస్తారు. అరవోళ్లూ సేస్తారు."

"పేరు కూడా ఊహించినాడా? ఊరు కూడా ఊహించినాడా?"

"తినగరన్ ఏటన్నాడు? అది ముందు సెప్పు."

"కెమెరా పెట్టిస్తాడంట. పదకొండు ఆటకి ముందే. దానికెదురుగా నిలబడి, నా పేరు అప్పలసామి, బొత్తాం పడింది, ఏరుకున్నాను, నాను మొక్కలేదు, అని సెప్పాల. మలాయిలో ఒకపాలి, అరవంలో ఒకపాలి. సెప్తే టోపీ నాదే. సెప్పకపోతే టోపీ అక్కడెట్టీసి ఇంటికెల్లమన్నాడు."

"మరింకేటి? సెప్పీ."

"మొక్కలేదనా?"

"మాటే కదా బావా. నోట్లోంచొచ్చి గాల్లో కలిసిపోతాది. నాను రోజూ ఆ కత్తి పట్టుకుని పోర్చుగల్ రాజుకి జై అంటున్నాను, నాకా రాజెవడో తెలుసునా?"

"అది వేషం."

"ఇదీ వేషమే అనుకో."

"కాదురా. కెమెరా ముందు టోపీ తియ్యమన్నాడు. గెడ్డం తియ్యమన్నాడు. మొకం కనపడాలంట. వేషం లేకుండా సెప్పే మాట వేషమెలాగవుతాది?"

"బావా, నీ యాబై ఎనిమిదేళ్ల వొయసుకి ఇంకో పని ఎవడిస్తాడు? ఊళ్లో పడవలు బాగుసేసే షెడ్డు మూసీసినాక రెండేళ్లు ఎలాగున్నావో నాను సూడలేదా?"

"గుర్తుంది. గుమ్మంలో కూకుని ఎదురింటి గోడ సూసేవోణ్ణి. ఆ గోడ మీద ఎన్ని పగుళ్లున్నాయో ఇప్పటికీ సెప్పగలను. నువ్వే తీసుకొచ్చినావు ఇక్కడికి. ఆ టోపీ ఎట్టినాక మళ్లీ మనిషినయినాను. సిన్నపిల్లలు నా తుపాకీ పట్టుకుని ఫొటో దిగుతారు. నీ అప్ప లెచ్చుమి కూడా అన్నాది, ఇప్పుడు నీ నడకే మారిపోయింది మావా అని. నాకు మాత్రం వొదులుకోవాలని ఉందేటి?"

"అదే కదా నా గోల. సెప్పీ, టోపీ ఉంచుకో."

"నీకొకటి సెప్పనా? ఆ వీడియో వొచ్చిన మర్నాడు ఆట అయిపోయినాక పోర్చుగీసు కంపంగు పేట నుంచి ఒక ముసలామె వొచ్చింది. సేతికర్ర, పూల గౌను. ఆళ్ల ముత్తాతల ముత్తాతలు ఈ కోటలో ఉండి ఓడిపోయినోళ్లంట. డచ్చోళ్లొచ్చినాక ఫాదర్లని తరిమీసినారంట, ఆళ్లు అడివిలోకి పోయి దొంగసాటుగా పూజలు సేసుకునీవోరంట. తొమ్మిది మందిమీ వరసగా నిలబడి ఉన్నాం, ఇంకా టోపీలు తియ్యలేదు. ఆవిడ ఒక్కొక్కడి ఎదురుగా ఆగి మొకంలోకి సూసింది. మీలో ఎవడో నాకు తెలీదు, నాలుగు వందలేళ్లలో సారీ సెప్పిన మొదటి డచ్చోడు ఆడే, ఆడికి నా దండాలు సెప్పండి, అన్నాది."

"నాకెప్పుడూ సెప్పలేదే ఇది?"

"ఎవరికీ సెప్పలేదు. టోపీలో ఏడిసినాను. గెడ్డం ఊడిపోయింది. ఇప్పుడు ఆ ముసలామె ఫోన్లో సూస్తాది, నాను మొక్కలేదని నా నోటితో నాను సెప్తుంటే."

"ఆవిడ గురించి ఆలోచిస్తావేటి? నీ ఇల్లు గురించి ఆలోచించు."

"ఇల్లు గురించే ఆలోచిస్తున్నాను. నా ఇంట్లో మాట బయటికెలాగ పోయింది? ఎవడు సెప్పినాడు?"

"వొదిలీ లా."

"వొదలను. ఆరుముగం కూడా డచ్చి సిపాయే, నా పక్కన నడిసుంటాడు."

"ఆరుముగం ఆ రోజు కడుపునొప్పని రాలేదు. ఆడి బదులు జయకుమార్ ఏసినాడు."

"జయకుమార్‌కి నా ఊరు తెలీదు. పకీరిసామి? డోలు కొట్టేవోడు, అన్నీ పైనుంచి సూస్తాడు."

"ఆడు నీది క్లాంగ్ ఊరనుకుని ఇప్పటికీ క్లాంగ్ అన్నే అని పిలుస్తాడు. ఆడా హుటాన్ మెలింటాంగ్ అని రాయించేది?"

"కదా. ఆడు కాదు. ఈడు కాదు. నా ఊరు తెలిసి, నా వంటిల్లు తెలిసి, బియ్యం బస్తా ఎక్కడుంటాదో తెలిసినోడెవడు మోహనా? మలక్కా మొత్తం మీద ఎందరున్నారు?"

"నా మొకం ఎందుకలాగ సూస్తావు?"

"నువ్వే సెప్పినావు కదా ఇందాక. నీకూ నాకూ తప్ప పురుగుకి తెలీదని."

"అన్నాను. మాటవరసకి అన్నాను."

"నాను సెప్పలేదు."

"బావా..."

"రోజుకి రెండుసార్లు డచ్చోళ్లకి కోట తలుపు తీసేది నువ్వే. బుట్టెడు నాణేలు తీసుకుని, సొంతోళ్లని అమ్మీసి, గడియ తీస్తావు. ఎంత బాగా సేస్తావో అనుకునేవోణ్ణి."

"అది డైరెక్టరు కల్పించినాడు బావా! అలాగ జరగలేదంట. అయిదు నెలలు తిండి లేక, జొరాలొచ్చి, గోడలు కూలిపోయి ఓడిపోనారు. తలుపు తీసినోడు నాటకానికి కావాలని ఎట్టుకున్నాడు."

"అందుకు నిన్నే ఎందుకు ఏరినాడో?"

"ఈ మాట తగదు బావా. ఇంత మాట తగదు."

"అయితే నా మొకం సూసి సెప్పు, నాను సెప్పలేదని."

"ఆ గడియారం సూడు బావా."

"గోడకేసి కాదు. ఇటు సూడు."

"టైము పదింపావయ్యింది."

"మోహనా."

"సరే! సరే, నానే. నానే సెప్పినాను. సాలా? ఇంక వొదిలీ."

"...నువ్వా?"

"నానే."

"ఎందుకురా?"

"ఎందుకంటే... సార్జెంటు వేషం ఇస్తానన్నారు."

"డచ్చి సార్జెంటా? ఎవరు?"

"తినగరన్."

"ఆయనికి సెప్తే చర్చివోళ్ల ఉత్తరంలోకి ఎలాగొచ్చింది?"

"ఆళ్లకీ సెప్పినాను. ఇద్దరికీ సెప్పినాను. ఎవరికైతే ఏటి? సెప్పినాను, అంతే. నన్ను తిట్టు, కొట్టు, ఏటైనా సెయ్యి. ఆ తరవాత కెమెరా ముందుకెల్లి ఆ ఒక్క ముక్కా సెప్పీసి ఉద్యోగం నిలబెట్టుకో."

"నా పెళ్లినాడు నీకు ఏడేళ్లు. గుర్తుందా?"

"ఇప్పుడెందుకది?"

"నీ అప్ప నా ఎనక వొచ్చేస్తుంటే నువ్వు లారీ ఎనకాల పరిగెత్తినావు. ఏడుస్తా పరిగెత్తినావు. నానే లారీ ఆపించి నిన్నెక్కించుకున్నాను. అందరూ నవ్వినారు, పెళ్లికూతురితో పాటు ఈ గుంటణ్ణి కూడా తీసుకెల్తున్నాడు అప్పలసామి అని. నా ఒళ్లో పడుకున్నావు దారంతా. నా కొత్త బట్టలు నీ సీమిడితో తడిసిపోనాయి."

"బావా, సుదా. సాలు."

"నీకు ఈత నేర్పినాను. పడవ నడపడం నేర్పినాను. నాకు పిల్లల్లేరని ఎవడైనా అంటే, మోహనున్నాడు కదా అనేవోణ్ణి. నిన్ను బామ్మరిదని నాను ఏనాడూ అనుకోలేదురా. సార్జెంటు వేషానికి అమ్మీసినావా నన్ను? ఆ ఎర్ర గుడ్డ నడుముకి సుట్టుకోడానికా? ఏడవకు. నువ్వేడిస్తే నాకు కోపం నిలబడదు. నాకిప్పుడు కోపమే కావాల."

"కోపమెట్టుకో. నా మీదే ఎట్టుకో. అదే నాకూ కావాల."

"అదేటి మాటరా?"

"ఏటీ లేదు."

"నా గుండెలో ఏదో విరిగినట్టుంది మోహనా. ఉద్యోగం పోతాదని కాదు. మా తాత బీమిలికాడి ఊరోడు. ఆ ఊళ్లో సముద్రం ఒడ్డున డచ్చోళ్ల గోరీలుండేవంట. అటెల్లినప్పుడు సమాధికి కాలు తగిలితే తాత మొక్కి పోయేవోడంట. ఎవడి గోరీయో, ఏ దేవుణ్ణి కొలిసినోడో తాతకేటి తెలుసు? కాలు తగిలింది, మొక్కినాడు. ఆ తాత సేసిందే నానూ సేసినాను. అది తప్పని నువ్వు నన్ను బయటోళ్లకి అమ్ముకుంటావా?"

"తప్పని ఎవరన్నారు బావా?"

"ఆళ్లే అంటున్నారు. తినగరన్ అంటున్నాడు. మొక్కలేదని సెప్పమంటున్నారంటే మొక్కడం తప్పనే కదా? నాను సెప్పను. తేల్సుకున్నాను. సెప్పను. ఇదిగో టోపీ. ఇదిగో గెడ్డం. కెమెరా పెట్టుకోమను, మొక్కినాను అనే సెప్తాను, మలాయిలో సెప్తాను, అరవంలో సెప్తాను, ఆయనికి అర్థం కాకపోయినా తెలుగులో కూడా సెప్తాను."

"ఆగు బావా. ఒక్క నిమిషమాగు."

"ఎందుకాగాల? నా ఫోనేది? నీ అప్పకి సెప్పాల, మూటలు కట్టమని."

"అప్పకి ఇప్పుడొద్దు."

"ఎందుకొద్దు?"

"పనిలో ఉంటాది."

"ఇవాళ సెలవు. ఇంటికాడే ఉంది. నువ్వు సేసిన గనకార్యం కూడా సెప్తాను. తమ్ముడు తమ్ముడని సచ్చిపోతాది కదా, తెలియాల."

"నీ కాళ్లట్టుకుంటాను బావా, అప్పకి సెయ్యొద్దు. సాయంత్రం సెప్పుకుందాం. నానే సెప్తాను. నానే వొచ్చి ఇద్దరి ముందూ సెప్తాను."

"కాళ్లొదులు. వొదలరా! స్పీకరు పెడతాను, నువ్వూ విను. ...హలో, లెచ్చుమీ? వినపడతాందా?"

"వినపడతాంది మావా. ఏటి, ఇప్పుడు సేసినావు? ఆట లేదా?"

"ఆట లేదు. నాకింక ఆట లేదు. మూటలు కట్టు, మన ఊరెల్లిపోదాం."

"ఏటయ్యింది?"

"మొక్కలేదని సెప్పమంటున్నారు లెచ్చుమీ. కెమెరా ముందు. బొత్తాం ఏరుకున్నాను, మొక్కలేదు, అని. సెప్తే ఉంచుతారంట."

"సెప్పినావా?"

"సెప్పలేదు. సెప్పను. మొక్కినోణ్ణి మొక్కలేదని ఎలాగ సెప్తాను? లెచ్చుమీ? ఏడుస్తున్నావేటి? ఉద్యోగం పోతే పోయింది, పీతలు పట్టుకునైనా బతుకుతాం."

"అందుకు కాదు మావా. అబద్ధమాడను అన్నావు సూడు, అందుకు. నువ్వు సెప్పీస్తావేమోనని రాత్రంతా నాకు కునుకు లేదు."

"రాత్రా? రాత్రికి నాకే తెలీదు ఈ సంగతి. తినగరన్ పొద్దున్న కదా సెప్పినాడు?"

"అప్పా, ఫోనెట్టీ! నాను తరవాత మాటాడతాను, నువ్వు పెట్టీ!"

"మోహన్ అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు. ఆ దొంగెదవ ఇక్కడే ఉన్నాడు. విను, నీ తమ్ముడేటి సేసినాడో విను. మొక్కింది నానని ఆ చర్చివోళ్లకి సెప్పినాడు. పేరు, ఊరు, మన వంటింట్లో బియ్యం బస్తా, అన్నీ. సార్జెంటు వేషం కోసం. ఆడి నోటితో ఆడే ఒప్పుకున్నాడు ఇప్పుడే."

"ఆడు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు."

"ఓలమ్మ... తమ్ముడూ. ఎందుకన్నావురా అలాగ?"

"మరేటి సెయ్యమంటావప్పా? నాను పరాయోణ్ణి. నన్ను నెల తిట్టి మానీస్తాడు. నిన్నయితే..."

"ఏటర్రా ఇది? ఏటి మాటాడుకుంటున్నారు మీరిద్దరూ?"

"మావా, తమ్ముణ్ణేటీ అనకు. ఆడు సెప్పలేదు. సెప్పింది నాను."

"ఎవరికి?"

"చర్చిలో."

"నువ్వు చర్చికెందుకెల్లినావు?"

"ఎల్తున్నాను మావా. రెండేళ్లయ్యింది. మొన్న దీపావళి ముందు నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చినారు."

"...మంగళారం మంగళారం అమ్మోరి గుడికి కదా నువ్వెల్తున్నావు? మోహనే కదా మోటారుసైకిలు మీద దింపుతున్నాడు?"

"దింపింది నానే బావా. గుడికి కాదు. నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. నీకు సెప్పమని అప్ప నన్ను పదిసార్లు అడిగింది. నీ మొకం సూస్తే నాకు నోరు రాలేదు."

"నువ్వు సెప్పకురా. నీతో తరవాత మాటాడతాను. లెచ్చుమీ, ఆ టోపీలో ఉన్నది నానని తెలిసే సెప్పినావా?"

"తెలిసే సెప్పినాను."

"ఎవరైనా బెదిరించినారా?"

"లేదు మావా. ఎవరూ బెదిరించలేదు. ప్రార్థన అయినాక పాస్టరమ్మ ఆ వీడియో ఏసింది. బొత్తాం ఏరుకున్నాడంట, మనం తొందరపడినాం, ఆడు మొక్కలేదంట, అని సెప్పింది. అందరూ నమ్మీసినారు. పోన్లే అనుకుని లేస్తున్నారు. నాను కూడా లేసినాను. ఆగిపోనాను. ముప్పైయొక్క ఏళ్లు సూసినాను ఆ సేతిని. తెల్లారి నేల మీద కాలెట్టే ముందు కూడా ఒంగి మొక్కే సెయ్యి అది. అది బొత్తాం ఏరడమేటి? దేవుడి ఎదురుగా నిలబడి, నిజం తెలిసీ నోరు మూసుకుంటే నా ప్రార్థనకి అర్థమేటుంది? మా ఆయనే, మొక్కినాడు, ఆయన కోసం ప్రార్థన సెయ్యండి, అని సెప్పినాను. అంతే సెప్పినాను."

"అంతేనా? మరి బియ్యం బస్తా?"

"అదీ సెప్పినాను. ఏదో మోసం కాదని, నువ్వు మంచోడివని, అలవాటని ఆళ్లకి తెలియాలని సెప్పినాను. ఉత్తరం రాస్తారనుకోలేదు. నిన్న రాత్రి ఫోన్ సేసి, పంపీసినాం, మేనేజరు ఆయన సేత కాదనిపిస్తాడంట అని సెప్పినారు. అప్పణ్ణుంచి పొయ్యి కూడా ఎలిగించలేదు."

"నా కోసం ప్రార్థన సెయ్యమన్నావు."

"అవును మావా."

"నన్ను పొయ్యిలో పెట్టి ప్రార్థన సెయ్యమన్నావు. బాగుంది లెచ్చుమీ. పాస్టరమ్మకి సెప్పినావు. తమ్ముడికి సెప్పినావు. ఆ గదిలో ఉన్నోళ్లందరికీ సెప్పినావు, నాను బియ్యం బస్తాకి మొక్కుతానని. రెండేళ్లు నా కంచంలో కూడెట్టినావు, నా పక్కన పడుకున్నావు, గుడికెల్లొచ్చినానని కాళ్లు కడుక్కుని లోపలికొచ్చినావు. నాకొక్కడికీ సెప్పలేదు."

"భయమేసింది మావా."

"నానంటేనా? నీ మీద ఏనాడైనా సెయ్యెత్తినానా? నువ్వేదైనా అంటే కాదన్నానా?"

"లేదు. ఏనాడూ లేదు."

"మరి దేనికి భయం? డచ్చోడి వేషంలో ఉండి పరాయోళ్ల తల్లికి మొక్కినోణ్ణి నాను. నా పెళ్లాం దేవుణ్ణి కాదంటాననుకున్నావా?"

"కాదంటావని కాదు మావా. ఔనంటావని భయమేసింది. ఔనని, ఆ పూటే నా దేవుడి పటమొకటి కొనుక్కొచ్చి, మన అమ్మోరి పక్కన మేకు కొట్టి, ఆయనికీ ఒక దీపమెట్టి మొక్కీస్తావని."